తొట్టి అంచు మీద చెయ్యి

ఆ చలికాలం ఆఖరి రోజు దాకా మా ఇంట్లో పగిలినవన్నీ నేను చేసిన గిన్నెలే.

ఇంటి వెనక రేకుల షెడ్డు ఉండేది మాకు. దాన్ని స్టూడియో అన్నది మేము కాదు, కొనడానికి వచ్చేవాళ్ళు. వినీ వినీ మేమూ అలాగే అనడం మొదలుపెట్టాం. లోపల రెండు మోటారు సారెలు. కిటికీ దగ్గర ఎండ పడేచోట ఉన్న పెద్ద సారె నాన్నది, తలుపు పక్కన ఈదురుగాలి కొట్టేచోట ఉన్న చిన్నది నాది. గోడల పొడుగునా అరలు, ఒక మూల బట్టీ, దానికి ఎదురుగా సిమెంటు నీళ్ళ తొట్టి. గిన్నెలకు పూత వెయ్యడం, కాలి వచ్చినవాటిని తొట్టిలో కడగడం అమ్మ పని. మట్టి తొక్కడం, పిసకడం, ముద్దలు చేసి నాన్న చేతికి అందించడం, బట్టీ పేర్చడం, ఊడవడం నా పని. మధ్యలో సందు దొరికితే నా సారె మీద నా గిన్నెలు చేసుకోవచ్చు. అది నాన్న దయ.

బట్టీ చల్లారాక తలుపు తీసేది నాన్నే. ఒక్కొక్క గిన్నెనూ తీసి, ఎడమ చేతి వేళ్ళ మీద నిలబెట్టి, చెక్క గరిటె పిడితో అంచు మీద చిన్న దెబ్బ వేస్తాడు. గిన్నె ఖంగుమందంటే గట్టిగా కాలినట్టు. మొద్దుగా మోగితే ఎక్కడో కంటికి ఆనని చీలిక ఉన్నట్టు. అలాంటిదాన్ని మేము బొంగురు గిన్నె అంటాం. బొంగురు గిన్నె గడప దాటకూడదన్నది తాత కాలం నుంచి ఉన్న నియమం. ఎవరు చేశారో వాళ్ళే దాన్ని తీసుకెళ్ళి ఇనప పీపాలో సుత్తితో పగలగొట్టాలి. ఇంకొకళ్ళు పగలగొడితే బుద్ధి రాదట.

“బొంగురు,” అనేవాడు నాన్న. “పగలగొట్టు.”

గిన్నె నా చేతికి ఇచ్చేటప్పుడు నా మొహం చూసేవాడు కాదు. అప్పటికే ఇంకోటి తీస్తూ ఉండేవాడు.

ఆ మోత నాకూ వినపడేది కదా అని అడగొచ్చు. వినపడేది. నాకు చాలాసార్లు ఖంగుమన్నట్టే ఉండేది. ఒకసారి అన్నాను కూడా, బాగానే మోగింది కదా నాన్నా అని. నాన్న నవ్వి అమ్మ వైపు చూశాడు. “నీకు చెయ్యి ఉందే, చెవి లేదు. పైకి వచ్చే మోత ఎవడికైనా వినపడుతుంది. దాని అడుగున ఇంకోటి ఉంటుంది, అది వినాలి,” అన్నాడు. చిన్నప్పటి నుంచి ఆ మాట వింటూ పెరిగాను. చెవి లేదని ఇంట్లోవాళ్ళు రోజూ చెబితే మనిషికి నిజంగానే చెవి లేకుండా పోతుంది. ఈ ఏడు నాన్న కూజాలు నాకు మొద్దుగా వినపడేవి, నాన్న వాటిని ఖంగు అనేవాడు. నా గిన్నెలు నాకు ఖంగుమనేవి, నాన్న వాటిని బొంగురు అనేవాడు. దేవుడు నా చెవులు తిరగేసి అతికించాడని సరిపెట్టుకున్నాను.

చలి మొదలయ్యే రోజుల్లో దుకాణం ఆవిడ వచ్చింది. మూడు వీధుల అవతల ఆవిడకు ఇంటి సామాను దుకాణం ఉంది. మొహం కన్నా పెద్ద కళ్ళజోడు పెట్టుకుంటుంది. నాన్న కూజాల కోసం వచ్చి, కిటికీ గూట్లో ఉన్న నా చిన్న గిన్నెను చేతిలోకి తీసుకుంది. ఎప్పుడో గట్టెక్కిన ఒకటీ అరా గిన్నెల్లో అదొకటి.

“ఇది మీ చెయ్యి కాదు కదండీ?” అంది.

నాన్న ఆవిడ పెదాల వంకే చూసి, “మా అమ్మాయిది,” అన్నాడు.

ఆవిడ గిన్నె తిరగేసి అడుగు చూసింది. వృత్తంలో మూడు గీతలు, నాన్న ముద్ర. మా షెడ్డులో ఎవరు చేసినా ఆ ముద్రే పడేది.

“నా దుకాణం పైన గది ఖాళీగా ఉందమ్మాయ్,” అని నాతోనే చెప్పింది. “సారె ఉంది, చిన్న కరెంటు బట్టీ ఉంది. చేసే మనిషే లేదు. వస్తే గది నీదే. కానీ నీ ముద్ర వేసి చెయ్యాలి. నాన్న ముద్రతో ఇక్కడ దొరుకుతుంటే అక్కడికి ఎవరొస్తారు చెప్పు?”

నాకు ఇరవై ఏడేళ్ళొచ్చాయి. పెళ్ళి ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తరు, ఎత్తకపోతే నాకూ హాయే. కానీ ఒక గది, ఒక సారె, తలుపు మూసుకుంటే లోపల నేనొక్కదాన్నే. ఆ సంగతి నాకు కలలో కూడా తట్టలేదు.

నాన్న ఏమంటాడో అని భయపడ్డాను. ఆయన హుందాగానే మాట్లాడాడు. “ముద్ర అడిగితే ఇచ్చేది కాదండీ, సంపాదించుకోవాలి. ఒక బట్టీలో ఒక అర నిండా దీని గిన్నెలే పెడతాను. తీసినప్పుడు ఒక్కటి కూడా బొంగురు పోకూడదు. అలా వస్తే ముద్ర నేనే నా చేత్తో చెక్కి ఇస్తాను. తర్వాత ఎక్కడికైనా వెళ్ళనివ్వండి.”

“చలి పోయేలోగా తేల్చండి మరి. తర్వాత నేను ఇంకెవర్నైనా చూసుకుంటాను,” అంది ఆవిడ.

అమ్మ తొట్టి దగ్గర నుంచి లేవలేదు. “టీ చల్లారిపోతోంది, తాగండి,” అంది అందరికీ కలిపి.

*

ఇక నా వెర్రి మొదలైంది. చలికాలం మట్టి మొండికేస్తుంది. పైన ఆరినట్టు కనిపిస్తుంది, లోపల పచ్చిగా ఉంటుంది. అంచు ముందు ఆరి అడుగు తర్వాత ఆరితే నడుమ చీలుతుంది. అందుకని చేసిన ప్రతి గిన్నెనూ పాత చీర ముక్కతో కప్పి, దాని మీద ప్లాస్టిక్ కాగితం కప్పి, పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకున్నాను. రోజూ తిప్పి పెట్టాను. అడుగు చీలకుండా సారె మీద ఉన్నప్పుడే చెక్కతో మళ్ళీ మళ్ళీ అదిమాను. బకెట్లో నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొరుకుతున్నట్టు ఉండేవి. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి, మట్టిలో చెయ్యి పెడితే పుండు మీద కారం చల్లినట్టు మండేది.

నాన్నకు ఆ శ్రద్ధ ఎప్పుడో పోయింది. కూజాలు చేసి, తొందరగా ఆరాలని బట్టీ గోడకు ఆనించి పెట్టేవాడు. “ఒక పక్కే ఆరుతాయి నాన్నా,” అంటే వినిపించుకోకుండా సారె తిప్పుకునేవాడు. మోటారు రొదలో పడి వినలేదనుకునేదాన్ని.

మొదటి బట్టీ తీసిన రోజు అర నిండా నా గిన్నెలు. ఒక్కటి ఖంగు. రెండోది బొంగురు. మూడోది బొంగురు. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాను. నాన్న గిన్నె తియ్యడం, పిడితో కొట్టడం, తల ఎత్తి ఎదురుగా ఎటో చూసి ఆలోచించడం, “పగలగొట్టు” అనడం. నేను పీపా దగ్గరికి, అక్కడి నుంచి బట్టీ దగ్గరికి తిరిగాను. సుత్తి పిడి చల్లగా ఉండేది.

“పోనీలే, చలికాలం. ఎవరికైనా పోతాయి,” అంది అమ్మ.

“నాకు పోవే,” అన్నాడు నాన్న. నిజమే, ఆయన కూజాలన్నీ ఖంగుమన్నాయి. “అంచులు అంత సన్నంగా లాగొద్దని ఎన్నిసార్లు చెప్పాను? దుకాణం మేడ మీద కూర్చున్నట్టు ఇప్పటి నుంచే ఊహించుకుంటే ఇలాగే ఉంటుంది. కూర్చున్నది ఇక్కడ, మనసు అక్కడ. గిన్నె ఎక్కడుండాలి?”

రెండో బట్టీకి అంచులు మందంగా ఉంచాను. రెండు గట్టెక్కాయి. మిగతావి పీపాలోకి వెళ్ళాయి. నాన్న ఆ రోజు ఎగతాళి కూడా చెయ్యలేదు. “వదిలెయ్యరాదూ?” అన్నాడు మెల్లగా. “అందరికీ అన్నీ రావు. నువ్వు మట్టి పిసికితే నాకు బంగారంలా ఉంటుంది. అది చాలదా?”

తిట్టినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఏడుస్తూనే మర్నాటికి మట్టి పిసికాను. పిసకడం నాకు బాగా వచ్చు కదా మరి.

*

ఒకరోజు పొద్దున్న హోటల్ వంటాయన కూజా ఒకటి సంచిలో పెట్టుకొని వచ్చాడు. మా దగ్గర ఎప్పటి నుంచో కొనే మనిషి. కూజాలో నీళ్ళు పోసి చూపించాడు. కాసేపటికి అడుగున చెమ్మ కనిపించింది, తర్వాత బొట్టు కట్టింది, బల్ల మీద పడింది.

“మీ సరుకు ఇలా ఉంటుందనుకోలేదమ్మా,” అన్నాడు. “టేబుల్ గుడ్డలన్నీ తడిసిపోయాయి. మా యజమాని నా మీద విరుచుకుపడ్డాడు.”

నాన్న ముందు గదిలో ఉన్నాడు. అమ్మ కంగారుగా అటు చూసి, కూజా అందుకొని, అరలోంచి ఇంకోటి తీసి అతని సంచిలో పెట్టింది. “పిల్ల చేసిందయ్యా. ఇంకా నేర్చుకుంటోంది. మనసులో పెట్టుకోకండి,” అంది.

అతను వెళ్ళేదాకా నోరు నొక్కుకొని నిలబడ్డాను. వెళ్ళాక అడిగాను.

“నేను కూజాలు చెయ్యను కదమ్మా?”

“ఏదో ఒకటి అన్నాలే. మీ నాన్న పేరు పోతుంది లేకపోతే.”

“నా పేరు పోతే?”

“నీకు పేరెక్కడుందే పోవడానికి?”

అమ్మ కోపంగా అనలేదు. ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. నేను ఆ తడి బల్ల వైపే చూస్తూ ఉండిపోయాను. నావి గడప దాటితే కదా కారడానికి? గడప దాటినవన్నీ నాన్న ఖంగు అని చెప్పి పంపినవే. మరి ఖంగుమన్న కూజా ఎలా కారింది?

ఆ మధ్యాహ్నం పీపాలోంచి నా గిన్నె పెంకులు ఏరి, విరిగిన అంచుల మీద సిరా పోసి తుడిచి చూశాను. ముందే చీలిక ఉంటే సిరా అందులోకి గీతలా దిగుతుంది. ఎక్కడా దిగలేదు. సుత్తి పడిన చోట తెల్లగా, శుభ్రంగా విరిగాయి. రెండో పెంకు, మూడో పెంకు, అన్నీ అంతే. ఆఖరికి నా చెవినే కాదు, కళ్ళను కూడా నమ్మలేక పెంకులు మళ్ళీ పీపాలో పడేశాను. ఇరవై ఏళ్ళు పడిన అలవాటు ఒక సిరా బుడ్డితో పోదు.

*

ఆ వారమే అమ్మకు జ్వరం వచ్చి మంచం పట్టింది. బట్టీ తియ్యవలసిన రోజు. మా పిల్లి బట్టీ మీద ముడుచుకొని పడుకుంది. అది వెచ్చగా ఉంటే ఎక్కుతుంది, వేడిగా ఉంటే దరిదాపులకు రాదు.

“తీద్దామా నాన్నా?” అన్నాను ఆయన ఎదురుగా నిలబడి.

“ఇంకా కాలుతోంది. రేపు చూద్దాం.”

“పిల్లి పడుకుంది కదా దాని మీద?”

“పిల్లి బట్టీ తీస్తుందా, నేను తీస్తానా?”

మర్నాడూ కాలుతోందన్నాడు. ఆ మర్నాడు కూడా. బట్టీ ఇనప తలుపు చల్లబడి, ముట్టుకుంటే జిల్లుమంటోంది. తొందరపాటు మనిషి, కూజాలు ఆరడానికే ఆగనివాడు, మూడు రోజులు బట్టీ తలుపు జోలికి పోలేదు. గంటకోసారి అమ్మ గదిలోకి వెళ్ళి నుదురు ముట్టుకొని వస్తున్నాడు. పెళ్ళాం మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందా అని నవ్వుకున్నాను.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. సారె ఆగింది, కూజాలు ఆరడానికి పెట్టిన గోడ ఫ్యాను ఆగింది. షెడ్డు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. నాన్న నాకు వీపు పెట్టి, ఆగిన సారె మీది కూజా మెడ చేత్తో సరిచేస్తున్నాడు. “నాన్నా, దీపం తేనా?” అన్నాను. పలకలేదు. “నాన్నా,” అని గట్టిగా పిలిచాను. చెయ్యి ఆగలేదు. అప్పుడు పిల్లి నా అర మీద నుంచి దూకి ఒక పళ్ళెం కింద పడేసింది. పళ్ళెం సిమెంటు నేల మీద ముక్కలు చెక్కలైంది. ఒకప్పుడు ఎండుటాకు పడినా తిరిగి చూసి నన్ను తిట్టిన మనిషి, నిమ్మళంగా కూజా మెడ నిమురుతూనే ఉన్నాడు.

పళ్ళెం ముక్కలు ఏరుకున్నాను. భయమా, జాలా, కోపమా, ఏదో నాకే తెలియలేదు.

అమ్మకు నయమైన రోజున నాన్న పొద్దున్నే హుషారుగా బట్టీ తీశాడు. అమ్మ శాలువా కప్పుకొని తొట్టి వెనక కూర్చుంది. ఆ రోజు నేను గిన్నెలను చూడలేదు, అమ్మను చూశాను.

నాన్న తన కూజా తీసి కొట్టాడు. తల ఎత్తి అమ్మ వైపు చూశాడు. అమ్మ కుడి చెయ్యి తొట్టి అంచు మీద ఉంది. “ఖంగు,” అన్నాడు. ఇంకో కూజా. చెయ్యి అంచు మీదే ఉంది. “ఖంగు.” తర్వాత నా గిన్నె తీశాడు. అమ్మ చెయ్యి అంచు మీద నుంచి లేచి శాలువాలోకి దూరింది. చలికి దాచుకున్నట్టే ఉంది. ఎవరికీ అనుమానం రాదు.

“బొంగురు. పగలగొట్టు.”

నేను పగలగొట్టాను. తర్వాతి గిన్నెకు ఇంకా జాగ్రత్తగా చూశాను. నాన్న దాన్ని బట్టీలోంచి తీస్తుండగానే, పిడి ఇంకా అంచుకు తగలకముందే, అమ్మ చెయ్యి శాలువాలోకి వెళ్ళిపోయింది.

*

పూతల గదిలో అమ్మను పట్టుకున్నాను. చిన్న గది అది, ఇద్దరు నిలబడితే భుజాలు తగులుతాయి. అమ్మ జల్లెడలో పూత వడకడుతోంది.

“నాన్నకు ఎప్పటి నుంచి వినపడదు?”

జల్లెడ ఆగలేదు. “వానల ముందు నుంచి. మొదట్లో ఒక చెవే అన్నారు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నీకు చెబితే ఏం చేస్తావు? చెవులు పెడతావా?”

“నా గిన్నెలు ఎలా ఉన్నాయి?” అని అడిగాను.

అమ్మ అప్పుడు జల్లెడ పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. “బాగున్నాయి. ఎప్పటి నుంచో బాగున్నాయి. ఈ ఏడు మీ నాన్నవాటికన్నా బాగున్నాయి.”

చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. “మరి?”

“మరి ఏముంది? ముద్ర ఇస్తే నువ్వు ఆ మేడ మీదికి పోతావు. ఇక్కడ మట్టి ఎవరు పిసుకుతారు? ఆయన నడుం వంగదు. బట్టీ ఎవరు పేరుస్తారు? నాకు మోకాళ్ళు లేవు. నువ్వు రోజూ రెక్కలు ముక్కలు చేసుకుంటుంటేనే ఈ షెడ్డు నడుస్తోంది. వారానికోసారి వచ్చి పలకరించి పోయే కూతురు నాకెందుకు?”

“అమ్మా, నేను వాటిని నా చేత్తో పగలగొట్టాను.”

“పగలగొట్టావు. మళ్ళీ చేశావు. మట్టే కదా, ఏం పోయింది?”

“నాన్నకు చెప్తాను.”

“చెప్పు,” అంది అమ్మ, తొణక్కుండా. “నీకు వినపడదు, నీ పెళ్ళాం నీకు అబద్ధం చెప్పింది, పిల్ల కడుపు కొట్టింది అని చెప్పు. ఆయన నమ్మేది నా ఒక్క చేతినే. అదీ తీసేస్తే ఆ మనిషి ఏమవుతాడో నువ్వే చూసుకో. చెప్పగలిగితే వెళ్ళి చెప్పు.”

జల్లెడ మళ్ళీ అందుకుంది. నేను బయటికి వచ్చి నాన్న ముందు నిలబడ్డాను. ఆయన తల ఎత్తి, “మట్టి కాస్త గట్టిగా ఉందే ఇవాళ, ఇంకో రెండు పిసుకులు పిసుకు,” అన్నాడు. మట్టి తీసుకొని పిసికాను. అమ్మ నన్ను ఎంత బాగా చదివిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చెప్పలేకపోయాను కానీ ఊరుకోలేదు. చలి తగ్గుముఖం పడుతోంది. ఇంకొక్క బట్టీకే సమయం ఉంది. నాకు ఎలా నచ్చితే అలా, అంచులు సన్నంగా లాగి ఆ గిన్నెలు చేశాను. వాటికి పూత వేసింది అమ్మే. పూత వెయ్యడంలో మాత్రం ఏ లోపం చెయ్యలేదు, ఆ మాట చెప్పాలి. తర్వాత దుకాణం ఆవిడ దగ్గరికి వెళ్ళి, “బట్టీ తీసేటప్పుడు మీరు కూడా ఉండండి,” అన్నాను.

*

పీపా ముందురోజే ఖాళీ చేసి పెట్టాను. ఆవిడ రాగానే పీట తెచ్చి నీళ్ళ తొట్టి ముందు వేశాను. బాగా వెడల్పాటి మనిషి, మందపాటి కోటు కూడా వేసుకుంది. ఆవిడ కూర్చున్నాక తొట్టి వెనక కూర్చున్న అమ్మ తల కూడా కనిపించలేదు. అమ్మ లేచి పక్కకు జరగబోయింది. “కూర్చోమ్మా, నీకు మోకాళ్ళు నొప్పి కదా,” అన్నాను. దుకాణం ఆవిడ కూడా, “కూర్చోండి కూర్చోండి,” అని చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టేసింది.

నాన్న నా మొదటి గిన్నె తీశాడు. వేళ్ళ మీద నిలబెట్టి పిడితో కొట్టాడు. ఆ మోత షెడ్డంతా తిరిగింది. నాన్న తల ఎత్తాడు. ఎదురుగా కోటు, కళ్ళజోడు. మెడ పక్కకు వంచి చూశాడు. అమ్మ కనిపించలేదు.

అప్పుడు నేను కప్పుకున్న శాలువాలోంచి కుడి చెయ్యి తీసి బల్ల అంచు మీద పెట్టాను, అమ్మ పెట్టినట్టే. నాన్న ఆ చెయ్యి చూశాడు. చాలాసేపు చూశాడు. నాకు తెలుసునని ఆయనకు తెలిసిపోయింది. కానీ నా గిన్నెకు నా సాక్ష్యం ఆయనకు పనికిరాలేదు. కళ్ళు తిప్పుకొని మళ్ళీ కొట్టాడు. చెవి దగ్గర పెట్టుకొని కొట్టాడు. ఇంకాస్త గట్టిగా కొట్టాడు. గిన్నె ప్రతిసారీ మోగింది. ఆయన పళ్ళు బిగించి, పిడి తిరగేసి, గరిటె తలతో బలమంతా పెట్టి కొట్టాడు. గిన్నె రెండుగా విడిపోయి ఒక చెక్క కింద పడింది.

“చూశారా,” అన్నాడు గెలిచినట్టు. “బొంగురు.”

దుకాణం ఆవిడ తెల్లబోయింది. “అదేమిటండీ, అంత చక్కగా మోగుతుంటే విరగ్గొట్టేశారు?”

నాన్న అమ్మ కోసం వెతుకుతూ, “ఏమంటోంది ఈవిడ?” అన్నాడు.

నేను ఎదురుగా వెళ్ళి, ఆయన చూస్తుండగా మెల్లగా చెప్పాను. “మోగిందంట నాన్నా. మొదటి దెబ్బకే.”

ఆయన చేతిలో ఇంకా సగం గిన్నె ఉంది. దాని విరిగిన అంచును బొటనవేలితో రాసి చూశాడు. తడిమి చూస్తే తెలిసేది ఆయనకు బాగా తెలుసు. దాన్ని బల్ల మీద పెట్టి, నా రెండో గిన్నె తీసి, గరిటెతో సహా దుకాణం ఆవిడ చేతికి ఇచ్చాడు. “మీరు కొట్టండి.” ఆవిడ కొట్టింది. నాన్న ఆవిడ మొహం చూశాడు. ఆవిడ నవ్వింది. మూడోది ఇచ్చాడు. నవ్వింది. అర ఖాళీ అయ్యేదాకా ఇచ్చాడు. ఆఖరుకు ఆవిడకు నవ్వడం కూడా కష్టమైంది.

“ముద్ర నీది,” అన్నాడు నాతో. “నువ్వే చెక్కుకో. నేను చెక్కను.”

తర్వాత తొట్టి వెనక్కి వెళ్ళి అమ్మ ముందు నిలబడ్డాడు. “మరి ఇన్నాళ్ళూ?” అని అడిగాడు.

అమ్మ శాలువాలోంచి చెయ్యి తీసి తొట్టి అంచు మీద పెట్టింది. నాన్న ఆ చేతిని చూస్తూ నిలబడ్డాడు. పీపా వైపు ఒకసారి చూశాడు. అమ్మను కొడతాడేమో అనుకున్నాను. కొట్టి ఉంటే అందరికీ తేలిగ్గా ఉండేది.

ఆయన అర దగ్గరికి వెళ్ళి, ఆ చలికాలం చేసిన కూజాల్లోంచి ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. గరిటె నా చేతికి ఇచ్చాడు.

“నావి చెప్పు.”

“వద్దే,” అంది అమ్మ. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. “వద్దు తల్లీ. నీకు దణ్ణం పెడతాను. పేరు పోతే ఆయన బతకడు. బాగుందను. నీ గది నీకు వచ్చింది కదా, ఒక్క మాట బాగుందను.”

నాన్నకు అదేమీ వినపడలేదు. నా చేతుల వంకే చూస్తున్నాడు.

కూజా వేళ్ళ మీద నిలబెట్టి కొట్టాను. ఎండు కట్టె మీద కొట్టినట్టు మోగింది. పైమోత, అడుగుమోత, రెండూ ఒకటే. నా చెవికి ఏ లోపమూ లేదు, ఎప్పుడూ లేదు. ఆ సంతోషం ఒళ్ళంతా పాకింది, ఆ క్షణంలోనే, ఆయన మొహం చూస్తూనే.

కూజా కింద పెట్టాను. నా కుడి చెయ్యి ఎత్తి, ఆయనకు బాగా కనిపించేలా శాలువాలో దాచుకున్నాను.

నాన్న తల ఊపాడు. కూజా తీసుకొని పీపా దగ్గరికి వెళ్ళి, సుత్తి ఎత్తి పగలగొట్టాడు. వచ్చి ఇంకో కూజా నా ముందు పెట్టాడు.

దుకాణం ఆవిడ ఎప్పుడు వెళ్ళిపోయిందో ఎవరూ చూడలేదు. అమ్మ చీపురు తెచ్చుకొని, పీపా చుట్టూ పడిన పెంకులు ఊడుస్తూ ఉంది, నావి ఊడ్చినట్టే. సాయంత్రానికి పీపా నిండింది. అందులో నాది ఒక్కటే గిన్నె.